చార్మినార్ మీద ఒక పగలు

శనివారం, రాత్రి

పత్తర్‌గట్టి వైపు మేడ మీంచి తీసిన చార్మినార్ ఫొటోలు ఇవాళ కంప్యూటర్‌లోకి ఎక్కాయి. తెల్లవారుజాము నుంచి దీపాలు వెలిగేదాకా కెమెరా ఒకేచోట ఉంది. ఒక్కో వేళ ఫొటో నుంచి ఒక్కో నిలువు పట్టీ కోసి పక్కపక్కనే పేర్చాలి, ఒకే బొమ్మలో పగలంతా కనిపించేలా.

ముందు దిక్కు చూసుకోవాలి. పత్తర్‌గట్టి ఉత్తరాన ఉంది కాబట్టి కెమెరా దక్షిణానికి చూస్తుంది, తూర్పు ఎడమకు వస్తుంది. ఉదయం పట్టీ ఎడమ నుంచి మొదలైతే ఎండ సహజంగా కుదురుతుంది. అవతలి వైపు నుంచి తీస్తే వరస తిరగేయాలి. ఈ ఉత్తరపు ముఖానికి పొద్దుటెండ, సాయంత్రపు ఎండ తగిలేది మార్చి చివర నుంచి సెప్టెంబరు దాకానే. చలికాలంలో రోజంతా నీడే, మారేది ఆకాశం ఒక్కటే.

బొమ్మ వెడల్పు 6000 పిక్సెళ్లు. 24 పట్టీలు చేస్తే ఒక్కోటి 250. చాలామంది గంటల లెక్కన సమానంగా పంచుతారు, అది నాకు సరిపడదు. పదకొండు నుంచి మూడు దాకా గోడ మీద పెద్దగా ఏమీ మారదు, నాలుగు పట్టీలు చాలు. మన దగ్గర సూర్యాస్తమయం తర్వాత వెలుతురు ఇరవై నిమిషాలు దాటి ఎంతోసేపు నిలవదు. ఆ కాస్త సమయానికే ఆరు పట్టీలు ఇస్తాను. అందుకే పగలు ఐదు నిమిషాలకోసారి, సంధ్యవేళ నిమిషానికోసారి తీయాలి.

లెన్సు తెరుచుకునే కొలత ఎఫ్ 8, వెలుతురుకు కెమెరా స్పందించే కొలత ఐఎస్‌ఓ 100, తెలుపు రంగును సరిచూసే వైట్ బ్యాలెన్స్ 5200 కెల్విన్, ఇవి రోజంతా మార్చకూడదు. షట్టర్ వేగం మాత్రమే మారాలి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలితే సాయంత్రపు పసుపును కెమెరా తెల్లగా దిద్దేస్తుంది, కాలం తెలిసే గుర్తే పోతుంది. ఫోకస్ మాన్యువల్‌లో ఉండాలి, చేతి వణుకును సరిదిద్దే స్టెబిలైజర్ ఆపాలి. బ్యాటరీ మార్చేటప్పుడే ఫ్రేము జరుగుతుంది. నాలుగైదు పిక్సెళ్లు జరిగినా మినార్ అంచు మెట్టులా విరుగుతుంది. కోసే ముందే అన్ని ఫొటోలనూ అలైన్ చేయాలి, అంటే ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చునేలా జరపాలి.

రెండు పట్టీలు కలిసే అతుకు మినార్ అంచు వెంట పడితే కంటికి తగలదు, ఖాళీ ఆకాశంలో పడితే గీతలా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కష్టమంతా కింద, జనం దగ్గర. గాజుల సంచితో వెళ్లే మనిషి సరిగ్గా అతుకు మీద సగానికి తెగుతాడు. ప్రతిసారీ ఐదు ఫొటోలు వరసగా తీసేది ఇందుకే. ఒకదాంట్లోనైనా అతను అతుకు దాటేసి ఉంటాడు.

అమెరికా ఫొటోగ్రాఫర్ స్టీఫెన్ విల్క్స్ 2009 నుంచి ఒకేచోట పగలూ రాత్రీ తీసి ఒకే బొమ్మలో కలుపుతున్నారు. ఆయన పట్టీలు కోయరు, సుమారు 1500 ఫొటోల్లోంచి యాభై ఎంచి కలిపేస్తారు. ఆ ఎంపికే అసలు పని. ప్రింటు అంగుళానికి 300 చుక్కలైతే ఇరవై అంగుళాలు, పట్టీ సుమారు రెండు సెంటీమీటర్లు. ఒక్కో పట్టీకి ఒక్క మనిషి స్పష్టంగా ఉంటే చాలు, రేపు ఆ మనుషులను ఎంచాలి.