ఫైనలియర్‌లో మానసిక వైద్యం: నా అనుభవం

నిద్ర పట్టదు, అన్నం సయించదు, వైవా దగ్గర పడుతున్నా ల్యాప్‌టాప్ తెరవబుద్ధి కాదు. ప్లేస్‌మెంట్ రాలేదన్న దిగులేలే అనుకున్నాను. ఇలాంటివి రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోవాల్సిందే.

ముందు 14416కి ఫోన్ చేశాను. మానసిక సమస్యలకు ఫోన్లోనే సాయం చేసేందుకు కేంద్రం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు అది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడొచ్చు. హాస్టల్ గదిలోంచి మాత్రం చేయొద్దు. పక్క మంచం వాళ్లు వింటారని గొంతు తగ్గిస్తే అసలు సంగతి బయటికి రాదు.

మా కాలేజీలో కౌన్సెలర్ అంటే మెంటర్ సారే. ఇంటర్నల్ మార్కులు వేసే మనిషి ముందు మనసెలా విప్పుతాం? వందమంది, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత ఉన్న కౌన్సెలర్ ఒక్కరైనా ఉండాలని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. అడగడం మన హక్కు.

అక్కణ్నుంచి గుంటూరు జీజీహెచ్‌ (ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి)లో మానసిక వైద్య విభాగానికి వెళ్లాను. ఆధార్, ఫోన్ తీసుకుని పొద్దున్నే వెళ్లి ఓపీ చీటీ రాయించుకోవాలి. డాక్టరు ఎదుట కూర్చోగానే నోరు పెగలదు కాబట్టి అర కాగితం రాసుకెళ్లండి: ఎప్పటినుంచి, ఎన్ని గంటల నిద్ర, తిండి ఎంత తగ్గింది, వాడుతున్న మందులు, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా. నా కాగితంలో మొదటి వాక్యం ‘తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేస్తోంది’. అది చదివితే చాలు, మిగతావి డాక్టరే అడిగారు.

డిప్రెషన్ (కుంగుబాటు) ఎంత ఉందో చూడటానికి పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల కాగితం ఉంటుంది. గత రెండు వారాల గురించి ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు మార్కు వేయాలి, అన్నీ కలిపి ఎక్కువలో ఎక్కువ 27. తొమ్మిదోది చనిపోవాలనే ఆలోచనల గురించి. ఇంట్లో తెలిసిపోతుందేమోనని చాలామంది అక్కడ సున్నా వేస్తారు. దయచేసి ఆ ఒక్కటీ దాచకండి. చికిత్స ఎంత తొందరగా, ఎలా మొదలుపెట్టాలో దాన్ని బట్టే తేలుతుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 23వ సెక్షన్ గోప్యతకు హామీ ఇస్తుంది. ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు.

థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు రాయొచ్చు, నీరసానికి అవీ కారణాలే.

డిప్రెషన్‌కు ఎస్‌సిటలోప్రామ్ లాంటి మాత్ర రాస్తే మొదటి వారం కడుపులో తిప్పొచ్చు, గాబరా కాస్త పెరగొచ్చు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. చాలామంది ఆ మొదటి వారంలోనే మానేస్తారు. పాతికేళ్ల లోపువాళ్లలో తొలి వారాల్లో చావు ఆలోచనలు పెరిగే ప్రమాదమూ ఉంది. అలా అనిపిస్తే మరుసటి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. బాగైందని ఒక్కసారిగా ఆపినా తల తిరగొచ్చు, చిరాకు రావొచ్చు.

బాగయ్యాక కూడా నెలల తరబడి వాడాలి. ఫైనలియర్ వాళ్లకు చికిత్స తెగిపోయేది ఇక్కడే, హాస్టల్ ఖాళీ చేసినప్పుడు. ఊరు మారుతున్నామని డాక్టరుకు ముందే చెప్పి, వీలైతే నెలకు సరిపడా మాత్రలు రాయించుకోండి. చీటీలన్నీ ఫోటో తీసుకోండి. మానసిక వైద్యానికి హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆసుపత్రి, బెంగళూరులో నిమ్హాన్స్ ఉన్నాయి. పాత చీటీ చూపిస్తే కథంతా మొదటినుంచి చెప్పే పని తగ్గుతుంది.