రెండు జతల పగ్గాలు

ఇంగ్లండ్‌లో రీడింగ్ నుంచి టిడ్‌వర్త్ వెళ్ళాలంటే బేసింగ్‌స్టోక్‌లో ట్రైన్ మారి ఆండోవర్‌లో దిగి అక్కడ యాక్టివ్ ఎయిట్ బస్సు పట్టుకోవాలి, ఇది ఇక్కడున్న మనవాళ్ళందరికీ తెలిసిందే, కానీ ఆదివారం పూట మాత్రం ఈ పని పెట్టుకోకండి. ఒక ట్రైన్ రద్దు, తర్వాతది 40 నిమిషాలు లేటు, ఎందుకో చెప్పేవాడు ఒక్కడూ లేడు. మా ఇద్దరి ట్రైన్ టికెట్లకి అయిన డబ్బుతో మా తాడేపల్లిగూడెం నుంచి హైదరాబాద్ ఏసీలో ఇద్దరం వెళ్ళి రావచ్చు. బస్సుకి మనిషికి మూడు పౌండ్లు, అంటే మన 340 రూపాయల పైమాటే, అదీ ప్రభుత్వం ఇంతకంటే ఎక్కువ తీసుకోకూడదని పరిమితి పెట్టబట్టి. ఈ రూపాయల లెక్క మానెయ్యమని మా అమ్మాయి రోజూ చెప్తుంది, నాకు ఇంకా అలవాటు కాలేదు.

ఇక్కడికొచ్చి నెలన్నర అయింది. లండన్ చూశాం, విండ్సర్ చూశాం, బాత్ చూశాం, వాటి గురించి రాయను, చాలామంది రాశారు. ఈ ఒక్కరోజు గురించి రాయాలనిపించింది.

మా అమ్మాయి ఆఫీసులో ఒకావిడ ఉంది, ఆవిడ భర్త ఆర్మీలో చేసి ఆఫ్ఘనిస్తాన్‌లో హెల్మండ్‌లో బాంబు పేలి రెండు కాళ్ళూ మోకాళ్ళ పైదాకా పోగొట్టుకున్నాడు. ఆయనా, అలాంటివాళ్ళే ఇంకొందరూ కలిసి ఒక చారిటీ కోసం గుర్రబ్బండ్లు తోలుతున్నారు, వస్తారా అని అడిగింది. ఒక్కొక్కళ్ళు ఇన్ని మైళ్ళు తోలతామని ఒప్పుకుంటే తెలిసినవాళ్ళు మైలుకింత అని డబ్బు రాస్తారు. గుర్రబ్బండి అన్న మాట వినగానే నేను వెళ్దామనేశాను. అమ్మాయికి కారణం తెలీదు, నేనూ అప్పుడు చెప్పలేదు.

టిడ్‌వర్త్ పూర్తిగా మిలట్రీ ఊరు. బస్సు వెళ్ళే దారిలో ట్యాంకులు రోడ్డు దాటతాయి జాగ్రత్త అని బోర్డులున్నాయి. అక్కడి బ్యారక్‌ల పేర్లు అమ్మాయి ఫోన్‌లో చూసి చదువుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది. ఢిల్లీ, లక్నో, భరత్‌పూర్, అస్సాయే, ముల్తాన్, అలీవాల్, జలాలాబాద్, కాందహార్. అన్నీ మన వైపు, ఆఫ్ఘనిస్తాన్ వైపు వాళ్ళు చేసిన యుద్ధాల పేర్లే. వందేళ్ళ కిందట కట్టిన బ్యారక్‌కి కాందహార్ అని పేరు పెట్టుకున్నారు, మళ్ళీ ఈ కాలంలో అదే దేశానికి పిల్లల్ని పంపారు, 457 మంది తిరిగి రాలేదు. వచ్చినవాళ్ళలో కాళ్ళూ చేతులూ పోయినవాళ్ళ కోసం ఇదే ఊళ్ళో టెడ్‌వర్త్ హౌస్ అనే పాత బంగళాలో 2011లో రికవరీ సెంటర్ తెరిచారు.

బండ్లు తోలే మైదానం ఊరి చివర. గాలి విపరీతం, జూన్ నెలలో కూడా నేను స్వెట్టర్ మీద శాలువా కప్పుకున్నాను. నేను మన జట్కా లాంటిది ఊహించుకుని వెళ్ళాను, అక్కడ చూస్తే ఇనుప ఫ్రేము, నాలుగు చక్రాలు, డిస్క్ బ్రేకులు. వెనక ర్యాంప్ దించి వీల్‌చైర్‌ని అలాగే లోపలికి తోసి కింద పట్టీలతో బిగిస్తారు. మనిషిని ఎత్తి కూర్చోబెట్టాల్సిన పనే లేదు. ఆ ర్యాంప్ దగ్గరే నేను చాలాసేపు నిలబడిపోయాను.

మా నాన్నది మాధవరం, అదే మిలట్రీ మాధవరం, ఇంటింటి నుంచీ సైన్యంలోకి వెళ్ళే ఊరు, మా జిల్లావాళ్ళకి చెప్పక్కర్లేదు. 1971 యుద్ధంలో షకర్‌గఢ్ వైపు మందుపాతర మీద కాలు వేశాడు. పూణే ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్‌లో కాలు పెట్టించుకుని ఇంటికొచ్చేసరికి నాకు ఎనిమిదేళ్ళు. గూడెం స్టేషన్ బయట జట్కాలు ఉండేవి. జట్కా ఎక్కాలంటే వెనకున్న చిన్న ఇనప మెట్టు మీద కాలు పెట్టి లోపలికి దూరాలి కదా, నాన్న వల్ల కాలేదు. ఇద్దరు సాయం వస్తే వద్దని, ఆ ఎండలో నడుస్తానన్నాడు. అమ్మ ఏడుపు. అప్పుడు జట్కా సాయిబు దిగొచ్చి "నాయక్ గారూ, వెనక బరువు ఎక్కువైతే నొగలు పైకి లేచిపోతాయి, మీరు ముందు నా పక్కన కూర్చోవాలి" అన్నాడు. నిజానికి బండిలో మేం ముగ్గురమే, బరువేం లేదు. నొగ పట్టుకుని తన చేతుల మీదుగా నాన్న ముందుకెక్కాడు. ఏటి వంతెన దాటాక సాయిబు పగ్గాలు నాన్న చేతికిచ్చాడు. ఇచ్చాడు గానీ తన చెయ్యి మాత్రం పగ్గాల కిందే, ఆనకుండా, ఊరొచ్చేదాకా అలాగే పెట్టుకుని కూర్చున్నాడు. వెనక గడ్డి మీద కూర్చున్న నాకు ఆ చెయ్యి కనిపిస్తూనే ఉంది.

ఇక్కడ బండిలో సైనికుడి పక్కన ఇంకొకావిడ కూర్చుంది, హెల్మెట్ పెట్టుకుని. ఆవిడ చేతిలో ఇంకో జత పగ్గాలున్నాయి. కళ్ళేనికి రెండు జతలు కట్టి ఉన్నాయి, ఒకటి ఆయనకి, ఒకటి ఆవిడకి. వికలాంగులకి గుర్రాలతో పని నేర్పించే ఆర్‌డీఏ అనే సంస్థ ఇక్కడ 1969 నుంచి ఉందట, వాళ్ళ పద్ధతి ఇదే, ఏదన్నా ప్రమాదం అనిపిస్తే పక్కనున్నవాళ్ళు లాగుతారు. గుర్రం మీద స్వారీకి కాళ్ళతో పని, బండికి చేతులూ గొంతూ చెర్నాకోలా చాలు, అందుకే ఆయన ఇది ఎంచుకున్నాడని ఆయన భార్య చెప్పింది.

ఊళ్ళో సందుల వెంట తిరిగొచ్చాక చివర్లో కోన్ల పరీక్ష. జంటలుగా కోన్లు పెట్టి ఒక్కోదాని మీద ఒక బంతి ఉంచుతారు, మధ్యలోంచి బండి వెళ్ళాలి, చక్రం తగిలి బంతి పడితే మూడు పెనాల్టీ పాయింట్లు పడతాయి. చక్రానికి అటూ ఇటూ జానెడు కూడా ఖాళీ లేదు. ఈ ఆటకి అంతర్జాతీయ రూల్స్ తయారు చేయించింది ప్రిన్స్ ఫిలిప్పేనట, ఆయన 50 ఏళ్ళకి పోలో మానేసి బండ్లలోకొచ్చాడట. అక్కడున్న పెద్దావిడొకరు ఇవన్నీ చెప్తున్నారు గానీ నేను సగమే విన్నాను, నా కళ్ళు ఆ రెండో జత పగ్గాల మీదే ఉన్నాయి. నల్ల పోనీ, కళ్ళ పక్కల గంతలు. ఆ సైనికుడు "వాక్ ఆన్" అనడం, అది చెవులు వెనక్కి తిప్పి కదలడం. మలుపు దగ్గర గాలికి ఎక్కడో టెంటు గుడ్డ టపటపా కొట్టుకుంది, పోనీ ఉలిక్కిపడి పక్కకి లాగింది, నా గుండె ఆగినంత పనైంది. ఆయన గొంతు పెంచలేదు, "స్టెడీ, స్టెడీ" అంటూ వేళ్ళు కొంచెం బిగించాడు, అంతే. పక్కనున్నావిడ పగ్గాలు మాత్రం వదులుగా వేలాడుతూనే ఉన్నాయి. ఒక్కసారి కూడా బిగుసుకోలేదు. ఒక బంతి పడింది, చివరి జంట దగ్గర, ఎవరూ దాని గురించి మాట్లాడలేదు.

ఆయన కిందికి దిగాక నేను దగ్గరికెళ్ళి నాకొచ్చిన ఇంగ్లీషులో మా నాన్న సంగతి చెప్పాను. మైన్, 1971, కుడి కాలు. ఆయన సానుభూతి మాటలేవీ అనలేదు, మోకాలి కిందా పైనా అని అడిగాడు. కింద అన్నాను. "లక్కీ మ్యాన్" అన్నాడు. మా నాన్నని ఎవరూ ఎప్పుడూ ఆ మాట అనలేదు, ఊళ్ళో అందరూ పాపం పాపం అనే అన్నారు. అమ్మాయి నావైపు చూస్తూ ఉండిపోయింది, దానికి తాతయ్య కాలు తెలుసు గానీ జట్కా సంగతి ఆ గంటలోనే మొదటిసారి విన్నది.

బస్సు తప్పిపోయింది. తర్వాతదాని కోసం గంటన్నర ఆ గాలిలో డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తింటూ కూర్చున్నాం.

మర్నాడు పొద్దున్నే మాధవరం ఫోన్ చేశాను. అమ్మకి 84 ఏళ్ళు, వినికిడి తగ్గింది, రెండేసి సార్లు చెప్పాల్సొచ్చింది. అంతా విని అమ్మ ఒక్కటే అడిగింది, బండి దిగాక గుర్రానికి నీళ్ళెవరు పెట్టారే అని. మా సాయిబు తను మంచినీళ్ళు తాగేముందు గుర్రానికి పెట్టేవాడు.

ఆయనే పెట్టాడమ్మా, అన్నాను. వీల్‌చైర్‌లో కూర్చుని, బకెట్ ఒళ్ళో పెట్టుకుని.