బైబిల్లో ఎపఫ్రొదితు కూడా మనలాంటోడే

కువైట్‌లో సెక్యూరిటీ గార్డుగా చేస్తున్నా, ఎక్కువ నైట్ డ్యూటీలే. గేటు పక్కన కేబిన్‌లో ఒక్కడినే కూర్చుంటే ఇంక మొదలవుతాయి చూడండి ఆలోచనలు, అకామా (ఇక్కడ ఉండటానికిచ్చే పర్మిట్) రెన్యువల్ చేస్తారా చేయరా, కంపెనీకి ఈ కాంట్రాక్టు పోతే మమ్మల్ని ఏం చేస్తారు, ఇంటికాడ అప్పు మీద వడ్డీ, నాన్న షుగరు, ఒకదాని వెనకాల ఒకటి. ఒక టైంలో ఇది బాగా ముదిరిపోయింది. గుండె దడదడా కొట్టుకునేది, చేతులు చల్లబడిపోయేవి, హార్ట్ ఎటాకే అనుకుని క్లినిక్‌కి వెళ్తే ఈసీజీ తీసి గుండెకి ఏం లేదు బాబూ ఇది యాంగ్జైటీ అన్నారు. మందులు రాసిచ్చారు, వాడాను కూడా. ఇది ముందే చెప్తున్నా ఎందుకంటే మనలో కొంతమంది మందు మింగితే విశ్వాసం లేనట్టే అనుకుంటారు, అది నాకు అసలు నచ్చదు. బైబిల్లో ఏలీయా ప్రవక్త చెట్టు కింద పడుకుని ఇంక నా ప్రాణం తీసేయి ప్రభువా అన్నప్పుడు దేవుడు ముందు పంపింది రొట్టె, నీళ్ళు. పడుకోనిచ్చి, లేపి తినిపించి, మళ్ళీ పడుకోనిచ్చాడు, మాటలన్నీ ఆ తర్వాతే. ఇక్కడ జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా ఎండలో 11 నుంచి 4 వరకు బయట పని చేయించకూడదని రూల్ ఉంది కదా, ఆ టైంలో సైట్ బ్రదర్స్ కాసేపు నడుం వాలిస్తారు, అది కూడా దేవుడిచ్చిన నిద్రే అంటాన్నేను.

ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి మన ఆరాధన కూడా శుక్రవారమే. కువైట్ సిటీలో నేషనల్ ఇవాంజెలికల్ చర్చ్ ఆవరణలోకి వెళ్తే ఎన్ని భాషలో, ఒక హాల్లో మలయాళం పాట, పక్క హాల్లో అరబిక్ ప్రార్థన, ఒక గుంపు బయటికి వస్తుంటే ఇంకో గుంపు మెట్ల మీద బైబిళ్ళు పట్టుకుని వెయిటింగ్. అలాంటి ఒక శుక్రవారం ఆరాధన అయిపోయాక నా పరిస్థితి మా పాస్టర్ గారికి చెప్పుకున్నా. అందరిలాగా ఆయన కూడా "దేనినిగూర్చియు చింతపడకుడి" అన్న బైబిల్ వచనం చెప్పి పంపేస్తారేమో అనుకున్నా, ఆ మాట ఎన్నిసార్లు విన్నానో, విన్న ప్రతిసారీ నాకు విశ్వాసం తక్కువని ఇంకొంచెం దిగులేసేది. ఆయన మాత్రం ఆ వచనం ఒక్కటే చదవొద్దు బ్రదర్, అది ఉన్న ఉత్తరం మొత్తం చదువు, నాలుగు అధ్యాయాలేగా అన్నారు.

ఆ రాత్రే కేబిన్‌లో కూర్చుని ఆ ఉత్తరం, అంటే అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీయులకు (ఫిలిప్పీ ఊరి సంఘానికి) రాసిన పత్రిక మొత్తం చదివాను. పౌలు ఇది జైల్లో బంధకాల్లో ఉండి రాశాడు, తీర్పు ఎలా వస్తుందో, బతుకుతాడో లేదో కూడా తెలీదు. సరే అది తెలిసిందే. కానీ రెండో అధ్యాయంలో ఎపఫ్రొదితు దగ్గర ఆగిపోయా. ఫిలిప్పీ సంఘం పౌలుకి సాయం ఇచ్చి పంపిన మనిషి ఆయన, సొంతూరికి దూరంగా వచ్చి చావుబతుకుల దాకా జబ్బుపడ్డాడు. మరి ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది ఏంటో తెలుసా, తను జబ్బుపడ్డ సంగతి ఇంటి దగ్గర వాళ్ళకి తెలిసిపోయిందే అని! రోగం కంటే అదే పెద్ద దిగులు. ఫోన్లు, వీడియో కాల్స్ ఏమీ లేని రోజుల్లో ఒక మనిషి అచ్చం మనలాగే బాధపడ్డాడు. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా కెమెరా ముందు మొహం కడుక్కుని కూర్చుని నేను బాగానే ఉన్నా అని చెప్పేవాళ్ళం కదా మనమంతా.

పౌలు ఆయన్ని తిట్టలేదు. నీకు విశ్వాసం లేదా అనలేదు. ఇలాంటివాళ్ళని గౌరవించండి అని రాసి ఇంటికి పంపాడు, అతన్ని చూసి మీరు సంతోషిస్తే నా దుఃఖం కూడా తగ్గుతుంది అన్నాడు. అంటే చింతపడొద్దు అన్న మనిషికే లోపల బాధ ఉంది, దాన్ని దాచలేదు కూడా. అది చదివాక నాకు ఏడుపొచ్చింది, మంచి ఏడుపు.

అదే పత్రికలో దేవుని సమాధానం, అంటే ఆయనిచ్చే శాంతి, మీ హృదయాలకీ తలంపులకీ కావలి ఉంటుంది అన్న మాట ఆ తర్వాతే నాకు సరిగ్గా ఎక్కింది, నా డ్యూటీ కూడా అదే కాబట్టి. గార్డు ఉన్నాడని గేటు దగ్గరికి ఎవరూ రాకుండా ఉంటారా, వస్తారు, గట్టిగా అరుస్తారు, లోపలికి మాత్రం దూరలేరు. నా భయాలు ఇప్పటికీ వస్తున్నాయి. వచ్చినప్పుడు పేరుపేరునా దేవుడికి చెప్తా, అకామా అయితే అకామా అని, వడ్డీ అయితే ఎంత కట్టాలో ఆ అంకెతో సహా, ఆ రోజు జరిగిన మేలు ఒకటి గుర్తుచేసుకుని థాంక్స్ చెప్తా. దడ పూర్తిగా పోయిందని చెప్పను, కానీ నిద్ర పడుతోంది, అన్నం సయిస్తోంది.

మా ఆవిడకి కూడా చెప్పేశాను, మందులు వాడిన సంగతితో సహా. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "మీ గొంతు మారితే నాకు తెలీదా అండీ, మీరే చెప్తారని ప్రార్థన చేసుకుంటున్నా" అంది. ఆ రోజు నుంచి కాల్ పెట్టేసే ముందు ఇద్దరం కలిసి ప్రార్థన చేసుకుంటున్నాం, రెండు నిమిషాలే అనుకోండి.

మన ఫెలోషిప్‌లో ఇంటిపని చేసే సిస్టర్స్ చాలామందికి శుక్రవారం కూడా సెలవు దొరకదు. ఒక సిస్టర్ అయితే ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఇస్త్రీ చేస్తూనే ఆరాధన వింటుంది, ప్రార్థన మనవి మాత్రం ప్రతి వారం మర్చిపోకుండా వాయిస్ మెసేజ్ పెడుతుంది. ఈ వారం వాళ్ళమ్మకి ఆపరేషన్ అంట, వెళ్ళడానికి సెలవివ్వలేదు. ఆ తల్లీకూతుళ్ళ కోసం మీరందరూ ప్రార్థన చేయండి.