మళ్ళీ మళ్ళీ వచ్చిన మూత్రంలో మంట – నా అనుభవం

నాకు 51 ఏళ్ళు. ఖమ్మం జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. నెలసరి ఆగిపోయిన కొన్నాళ్ళకు మూత్రంలో మంట మొదలైంది. మందులు వాడితే తగ్గేది, నెల తిరక్కుండా మళ్ళీ వచ్చేది. ఈ వేసవి సెలవులు మాత్రం మంట లేకుండా గడిచాయి. పడ్డ బాధ మరుపున పడకముందే రాసేయాలని కూర్చున్నాను.

మొదటిసారి ఒంట్లో వేడి చేసిందన్నారు. బార్లీ నీళ్ళు తాగాను, మందుల షాపు అతను ఇచ్చిన మాత్రలు వేసుకున్నాను, తగ్గింది. మళ్ళీ వచ్చి, ఈసారి మూత్రంలో రక్తపు జీర కనిపించేసరికి భయపడి మా టౌన్‌లో పేరున్న ఒక డాక్టర్ దగ్గరికి వెళ్ళాను.

అక్కడ పేషెంట్లను ఇద్దరు ముగ్గుర్ని ఒకేసారి లోపలికి పంపి బెంచీ మీద కూర్చోబెడతారు. ఆ రోజు నా వెనక కూర్చున్నావిడ మా తొమ్మిదో తరగతి పిల్లాడి తల్లి. నేను గొంతు తగ్గించి నా బాధ చెప్పుకుంటున్నాను. ఆయన మాత్రం గదంతా వినపడేలా అడిగాడు.

"భర్త ఉన్నారా?"

"లేరండీ. పోయారు."

"మరి నీకీ ఇన్ఫెక్షన్ ఎలా వచ్చిందమ్మా?" అని నా ముఖంలోకి చూసి, నేను నోరు తెరిచేలోపే, "శుభ్రంగా ఉండటం నేర్చుకోవాలి. చదువుకున్నవాళ్ళే ఇలా ఉంటే ఎట్లా?" అన్నాడు.

వెనక్కి తిరిగి చూడలేకపోయాను. చీటీ తీసుకుని బయటికి వస్తుంటే ఆ తల్లి తలవంచుకుంది. పాపం, ఆమె తప్పేముంది? కానీ మర్నాడు స్కూల్లో ఆ పిల్లాడి ముందు నిలబడి పాఠం చెప్పడానికి నాకెంత కష్టమైందో చెప్పలేను. భర్త పోయిన మనిషిని నలుగురి ముందు అలా అడిగితే ఊళ్ళో ఏమనుకుంటారో ఆయనకు తెలియదా? కలయిక గురించి అడగడం తప్పని నేననను. ఆ సమయంలో క్రిములు మూత్రనాళంలోకి చేరడం తేలిక. కొత్తగా పెళ్ళయిన అమ్మాయిల్లో ఈ ఇబ్బంది ఎక్కువగా కనిపించేది అందుకే. అడగాల్సిందే, కానీ తలుపు వేసి అడగాలి. వచ్చిన జవాబును నిందగా మార్చకూడదు. తలుపు వేయని డాక్టర్ దగ్గరికి మీరు వెళ్ళకండి, ఎంత పేరున్నవాడైనా సరే.

ఆయన ఏ పరీక్షా రాయలేదు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు, లోపల కడుక్కోవడానికి ఒక వాష్ రాశాడు. ఆయన మాటే మనసులో పెట్టుకుని రోజూ కడిగి కడిగి చర్మం చిట్లింది. మంట ఇంకా ఎక్కువైంది. మళ్ళీ వెళ్తే మాత్రలు మార్చాడు, అంతే.

చివరికి మా వదిన బలవంతాన హనుమకొండలో ఒక గైనకాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "నెలసరి ఎప్పుడు ఆగిందమ్మా?" అంతకుముందు ఎవరూ అది అడగలేదు. మంట ఉన్నప్పుడే, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే యూరిన్ కల్చర్ ఇవ్వాలంది. మూత్రంలో ఏ క్రిమి ఉందో, దానిమీద ఏ మందు పనిచేస్తుందో చూసే పరీక్ష అది. మొదట వచ్చే మూత్రం వదిలేసి, మధ్యలో వచ్చేది స్టెరిలైజ్ చేసిన సీసాలో పట్టాలి. రెండు గంటల్లోపు ల్యాబ్‌లో పరీక్షకు పెట్టాలి, లేకపోతే ఫ్రిజ్‌లో ఉంచాలి. ల్యాబ్ అబ్బాయి ఇవేమీ చెప్పడు, "ఆంటీ, అదిగో బాత్రూమ్" అంటాడు. మీరే అడిగి తెలుసుకోండి.

రిపోర్టులో ఇ.కోలి అని వచ్చింది. అది మన పేగుల్లో ఉండే బ్యాక్టీరియానే. ఈ ఇన్ఫెక్షన్లలో ఎక్కువ భాగం దానివల్లే వస్తాయి. నేను మింగిన సిప్రోఫ్లాక్సాసిన్ ఎదుట 'ఆర్' అని ఉంది, అంటే ఆ మందు దానిమీద పనిచేయదు. నైట్రోఫ్యురంటాయిన్ అనే మరో మందు ఎదుట 'ఎస్' ఉంది, అంటే అది పనిచేస్తుంది. దాన్ని 5 రోజులు వాడితే తగ్గిపోయింది. షుగర్ పరీక్ష, స్కానింగ్ కూడా చేయించారు. రాళ్ళు లేవు, మూత్రం పూర్తిగానే ఖాళీ అవుతోంది.

మరి మళ్ళీ మళ్ళీ ఎందుకొచ్చింది? స్త్రీలలో మూత్రనాళం సుమారు 4 సెంటీమీటర్లే, మగవాళ్ళలో 20 దాకా ఉంటుంది. ఈ ముక్క ఏటా పిల్లలకు చెబుతూనే ఉంటాను. పాఠంలో లేనిది ఆవిడ చెప్పింది. ఈస్ట్రోజన్ అనే హార్మోన్ ఉన్నన్నాళ్ళూ యోనిలో లాక్టోబాసిల్లై అనే మంచి బ్యాక్టీరియా ఆమ్లాన్ని తయారుచేస్తూ చెడ్డవాటికి కాపలా కాస్తుంది. నెలసరి ఆగాక ఈస్ట్రోజన్ తగ్గి ఆ కాపలా పోతుంది. నాకు రాసిచ్చిన వాష్ ఆ మిగిలిన కాస్తనీ కడిగేసింది! సబ్బులు, డెటాల్, సెంటు వాష్‌లు అన్నీ మానేసి పైపైన మామూలు నీళ్ళతో కడిగితే చాలంది.

యోనిలో రాసుకునే ఈస్ట్రియాల్ క్రీమ్ ఇచ్చింది. ఈస్ట్రియాల్ కూడా ఒక రకం ఈస్ట్రోజనే. రెండు వారాలు రోజూ రాత్రి, తర్వాత వారానికి రెండుసార్లు. ఇదేం కొత్త వైద్యం కాదు. నెలసరి ఆగాక మాటిమాటికీ ఇన్ఫెక్షన్ వచ్చే స్త్రీలపై ఇజ్రాయెల్‌లో చేసిన పరిశోధన 1993లోనే అచ్చయింది. క్రీమ్ వాడినవారికి ఏడాదికి సగటున 0.5 సార్లు, వాడనివారికి 5.9 సార్లు వచ్చింది. అన్నేళ్ళ కిందటే తెలిసిన సంగతి మా టౌన్ దాకా రాకపోవడం నాకు మింగుడుపడటం లేదు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు మాత్రం తమ క్యాన్సర్ డాక్టర్‌ని అడక్కుండా ఇది వాడకూడదు.

నీళ్ళ సంగతి కూడా చెప్పాలి. రోజుకు ఒకటిన్నర లీటరు కూడా తాగని, ఇంకా నెలసరి వస్తున్న స్త్రీలు మరో ఒకటిన్నర లీటరు అదనంగా తాగితే ఇన్ఫెక్షన్లు సగానికి తగ్గాయని 2018లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు మాత్రం డాక్టర్ చెప్పిన కొలత దాటకూడదు. ఆరు నెలల్లో రెండుసార్లు గానీ ఏడాదిలో మూడుసార్లు గానీ వస్తే షాపులో మాత్రలు కొనడం ఆపి కల్చర్ అడగండి. మంట లేనప్పుడు రిపోర్టులో క్రిములు కనిపించినంత మాత్రాన మందులు అక్కర్లేదు. గర్భిణుల సంగతి వేరు, వాళ్ళకు మందులు ఇవ్వాల్సిందే. చలిజ్వరం, వెన్నులో పక్కటెముకల కింద నొప్పి, వాంతులు ఉంటే కిడ్నీదాకా పాకి ఉండవచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

నీళ్ళు తాగమంటే సరిపోతుందా? మా స్కూల్లో ఆడపిల్లలు తెచ్చుకున్న సీసాను అలాగే ఇంటికి తీసుకెళ్ళేవారు. తాగితే బాత్రూమ్‌కి వెళ్ళాలి, అక్కడ తలుపుకి గొళ్ళెం లేదు, కుళాయిలో నీళ్ళు రావు. టీచర్లం మేమూ సాయంత్రం దాకా బిగబట్టుకునేవాళ్ళం. ఈసారి స్టాఫ్ మీటింగ్‌లో లేచి, ఎవరేమనుకున్నా సరేనని నాకొచ్చిన జబ్బు పేరుతో సహా చెప్పాను. హెడ్‌మాస్టర్ గారు వాదించలేదు. గొళ్ళేలు పడ్డాయి, కొత్త కుళాయి వచ్చింది. స్కూల్ తెరిచాక మూడో పీరియడ్ తర్వాత నీళ్ళ బెల్ కొట్టించే పని నాకప్పగించారు.