ఉప్పుగాలి ఊళ్లో పాత ఏఆర్ స్పీకర్లు: నా అనుభవం

పాత స్పీకర్లు కొనేటప్పుడు చాలామంది ముందు చెక్క పెట్టె చూస్తారు. విశాఖలో మాత్రం ముందు గుడ్డ తీసి ఊఫర్ (బాస్ పలికే పెద్ద స్పీకర్) అంచు చూడాలి. శబ్దం పుట్టించే కాగితపు కోన్ చుట్టూ ఉండే ఫోమ్ రింగు తేమకి ఎక్కడైనా చివికిపోతుంది, మన సముద్రపు గాలికి మరీనూ.

మహారాణిపేటలో, ఓడల మీద పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన దగ్గర ఏఆర్ (అకౌస్టిక్ రీసెర్చ్) కంపెనీ ఏఆర్-18 స్పీకర్ల జత దొరికింది. "ఒకటి బరబరమంటోంది బాబూ, పనికొస్తాయేమో చూసుకో" అన్నారు. వేలు తగలగానే ఫోమ్ నల్లగా, జిగటగా రాలిపోయింది. అయినా కోన్లు చిరగలేదు, మల్టీమీటర్ పెడితే కోన్‌ని కదిపే కాయిల్స్ రెండూ బాగానే ఉన్నాయి. ఇంకేం కావాలి!

ఏఆర్ అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. 1954లో ఎడ్గార్ విల్చర్, హెన్రీ క్లాస్ అమెరికాలో పెట్టిన కంపెనీ అది. గట్టిగా మూసేసిన పెట్టెలోని గాలినే కోన్‌కి స్ప్రింగులా వాడారు. బీరువా అంత పెట్టె లేకుండానే లోతైన బాస్ వచ్చింది అందుకే. ఫోమ్ చిరిగితే గాలి బయటికి పోతుంది, బాస్ కూడా దాంతోపాటే పోతుంది.

కొత్త ఊఫర్లు వేసేద్దామన్నాడు మెకానిక్. నేను ఒప్పుకోలేదు. ఆ పెట్టె కొలతలు ఆ ఊఫర్ కోసమే కట్టినవి. సరిపోయే ఫోమ్ రింగులు తెప్పించాను. అసలు ఓపికంతా పాత జిగురు తీయడంలోనే ఉంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి, కాగితపు కోన్ నలగకుండా కొద్దికొద్దిగా గీకాలి. ముందు రింగుని కోన్‌కి అంటించి ఆరనిచ్చాను. తర్వాత ఫ్రేముకి అంటించేటప్పుడు తక్కువ వాల్యూమ్‌లో 30 హెర్ట్జ్ టోన్ పెట్టి, ఎక్కడా రాసుకున్న చప్పుడు రాకుండా కోన్‌ని మధ్యకి జరిపాను. ఆ కాసేపూ ఒకటే టెన్షన్.

మర్నాడు బిగించి, ఒక కోన్‌ని మెల్లగా లోపలికి నొక్కి వదిలాను. టక్కున కాకుండా నిదానంగా వెనక్కి వచ్చింది. పెట్టెలో గాలి నిలిచిందన్నమాట. శబ్దాన్ని ఊఫర్‌కీ ట్వీటర్‌కీ పంచే క్రాస్ఓవర్‌లో పాత కెపాసిటర్లు కూడా మార్చాక, సన్నని శబ్దాలు పలికే ఆ ట్వీటర్ తేటపడింది.

మొదట ఒక కర్ణాటక కచేరీ పెట్టాను. మృదంగం తొప్పి (ఎడమవైపు) మీద చెయ్యి జారినప్పుడు వచ్చే గుమికి గుండ్రంగా, ఎక్కడా ఉబ్బకుండా వినిపించింది. ఇప్పటి చిన్న బ్లూటూత్ పెట్టెల్లో ఆ సుఖం నాకు దొరకలేదు.

ఇప్పుడు వార్ఫ్‌డేల్ అనే బ్రిటిష్ కంపెనీ పాత స్పీకర్ల జత కోసం వెతుకుతున్నాను. రబ్బరు అంచు ఉన్నవి దొరికితే మన గాలికి అంత భయపడక్కర్లేదు.