ఊపిరి ఆటోలో ఉన్న ఆరు రోజులు

ఎవరో నన్ను టేపుతో కొలుస్తున్నారు. మడమ దగ్గర ఒకరు, నెత్తి దగ్గర ఒకరు. కళ్లు తెరవలేను, వేలు కదపలేను. కానీ చెవులు పని చేస్తున్నాయి, టేపు చల్లదనం తెలుస్తోంది. పాడెకు కొలతలు తీసుకుంటున్నారేమోనని హడలిపోయాను. "170" అంది ఒక ఆడగొంతు. "అయితే 450 పెట్టండి" అన్నారు డాక్టరమ్మ.

ఆ 450 సంగతి తర్వాత తెలిసింది. వెంటిలేటర్ నాకు ఒక్కో శ్వాసకు ఇవ్వాల్సిన గాలి, మిల్లీలీటర్లలో. అర లీటరు పాల ప్యాకెట్టుకు కాస్త తక్కువ. నా బరువు 84 కిలోలు. కానీ లెక్క ఆ బరువును బట్టి కాదు, ఎత్తును బట్టి. బొజ్జ పెరిగితే ఊపిరితిత్తులు పెరగవు కదా! ఆ ఎత్తు మనిషికి ఉండవలసిన బరువు కట్టి, కిలోకు 6 నుంచి 8 మిల్లీలీటర్లు ఇస్తారు. అంతకు మించి ఊదితే ఊపిరితిత్తులే దెబ్బతినవచ్చు.

నేను బోరు మోటార్లు బాగుచేసే మనిషిని. మాది కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లె. అడవిపందులు వేరుశనగ చేను పాడుచేస్తున్నాయని కాపలాకు వెళ్లి, షెడ్డులో నేలమీద పడుకున్నాను. రాత్రి కట్లపాము కరిచింది. కరిచినట్టే తెలియలేదు. దాని కాటుకు చాలాసార్లు నొప్పీ ఉండదు, వాపూ ఉండదు. తెల్లవారుజామున కడుపులో మెలిపెట్టింది. గ్యాస్ అనుకుని సోడా తాగి గంట పోగొట్టుకున్నాను. రెప్పలు వాలిపోయి, మాట ముద్దగా వస్తుంటే అప్పుడు మా ఆవిడ 108కు ఫోను చేసింది. అనంతపురం చేరకముందే శ్వాస సన్నగిల్లింది. అంబులెన్సులోని కుర్రాడు మిగిలిన దారంతా రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ నాకు గాలి అందించాడు. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో వచ్చినప్పుడు వైద్య విద్యార్థులు వంతులు వేసుకుని రోజుల తరబడి ఇలాగే సంచులు నొక్కారట.

విరుగుడు మందు 10 సీసాలు ఎక్కించారు. అది రక్తంలో తిరిగే విషాన్ని పట్టుకుంటుంది గాని, విషం అప్పటికే పాడుచేసిన నరాల కొసలను బాగుచేయదు. అవి మళ్లీ చిగురించాలి. అందాకా కండరాలు కదలవు. మా భాషలో చెప్పాలంటే పైపులు బాగున్నాయి, మోటారుకే కరెంటు లేదు.

"వెంటిలేటర్ మీద పెట్టారంటే ఇక లాభం లేదు, బిల్లు కోసమే" అన్నాడు మా మేనమామ, నా మంచం పక్కనే నిలబడి. మత్తు పలచబడిన వేళ ఆ మాట పూర్తిగా విన్నాను. ఇప్పటికీ ఆయనకు ఆ సంగతి చెప్పలేదు.

నిజానికి వెంటిలేటర్ అంటే ఒకే పని కాదు. శ్వాసను ఎవరు మొదలుపెడతారు, దాని కొలత ఎవరిది, ఎవరు ముగిస్తారు అన్నదాన్ని బట్టి మోడ్ మారుతుంది. మొదటి మూడు రోజులు మూడూ యంత్రానివే. నిమిషానికి 14 సార్లు, 450 చొప్పున. మా స్టార్టర్ పెట్టెలో ఆటో స్విచ్ వేస్తే ఎవరూ నొక్కకుండానే మోటారు నడిచినట్టే. ఇంకొకటి నాకు బాగా నచ్చింది. శ్వాస వదిలాక కూడా లోపల 5 సెంటీమీటర్ల నీటి పీడనం మిగిలేలా చూస్తారు, గాలి గదులు ముడుచుకుపోకుండా. పైపులో నీళ్లు వెనక్కి జారిపోకుండా బావి మోటారుకు ఫుట్‌వాల్వు పెడతాం కదా, ఇదీ అలాంటిదే.

నాలుగో రోజు నేను కొద్దిగా గాలి లాగాను. యంత్రం పసిగట్టి వెంటనే శ్వాస ఇచ్చింది. "అన్నా, ఇది నువ్వు మొదలుపెట్టిందే" అంది నర్సు. సంతోషించాల్సింది పోయి నాకు ఊపిరాడనట్టయింది. నాకు కావలసిన వేగం ఒకటి, యంత్రం ఇచ్చే వేగం ఇంకొకటి. దాహంతో ఉన్నవాడికి సన్నధారగా నీళ్లు పోస్తే ఎలా ఉంటుందో అలా. నేను పెనుగులాడితే అలారం మోగేది. డాక్టరమ్మ తెరమీద గీతలు చూసి మోడ్ మార్చారు. కొత్త మోడ్ పేరు ప్రెషర్ సపోర్ట్. ఇక్కడ ప్రతి శ్వాసా నేనే మొదలుపెట్టాలి. యంత్రం వెనక నుంచి ఒక నెట్టు నెడుతుంది. నేను లాగడం సన్నగిల్లగానే అదీ ఆపేస్తుంది. మరిచిపోతే అలారం మోగించి తానే శ్వాస ఇస్తుంది. ఆ నెట్టు పీడనాన్ని 14 సెంటీమీటర్ల నీటి నుంచి 10కి, 10 నుంచి 7కి తగ్గించారు. పీడనాన్ని నీటి ఎత్తులో కొలవడం మాకు కొత్త కాదు గనుక ఆ అంకెలు నాకు చక్కగా అర్థమయ్యాయి. కానీ ఆ తగ్గింపు ఉన్నదే, మూడు రోజుల పక్షవాతం కన్నా కష్టం. 7 దగ్గర చొక్కా తడిసిపోయింది.

ఆరో రోజు తల ఎత్తి అయిదు సెకన్లు నిలపమన్నారు. నిలిపాను. యంత్రం విప్పి, గొంతులోని గొట్టానికి ఆక్సిజన్ మాత్రం తగిలించి రెండు గంటలు చూశారు. ఆ రెండు గంటలూ మా ఆవిడ నా పొట్టనే చూస్తూ కూర్చుంది, లేస్తోందా, దిగుతోందా అని. గొట్టం తీశాక బొంగురు గొంతుతో నీళ్లు అడిగాను. ఇవ్వలేదు. మింగగలనో లేదో చూశాక, సాయంత్రం ఒక్క స్పూను పోశారు.