క్లోరిన్ కంటే ముందు కలిపే నీళ్ళనే పరీక్షించాల్సి వచ్చింది

మధురవాడలో మా అపార్ట్‌మెంట్ సంప్‌కి హైపో ద్రావణం (నీళ్ళలో క్లోరిన్ కోసం వేసే సోడియం హైపోక్లోరైట్) వేసే డోసింగ్ పంప్ ఉంది. సెక్రటరీగా రోజూ ఉదయం క్లోరిన్ చూడటం నా పని. కార్తీక మాసంలో ఒకరోజు రీడింగ్ సున్నా వచ్చింది. డోస్ పెంచబోతుంటే పంప్ చూసే కుర్రాడు ఆపాడు. "మూత తీస్తే ముక్కు మండిపోతోంది సార్, సున్నా ఎలా అవుద్ది?"

మళ్ళీ శాంపిల్ పట్టి, క్లోరిన్ ఉంటే నీళ్ళని గులాబీ రంగులోకి మార్చే డీపీడీ మాత్ర నలిపి వేస్తూ రెప్ప వేయకుండా చూశాను. క్షణం పాటు గులాబీ రంగు మెరిసి, వెంటనే తేటబడిపోయింది. క్లోరిన్ మరీ ఎక్కువైతే ఆ రంగునే చంపేస్తుంది. వెంటనే డోసింగ్ ఆపి, సంప్ వాల్వ్ కట్టేసి, ఇళ్ళకి బోరు నీళ్ళు వదిలాం.

ఎంత ఎక్కువైందో తెలియాలంటే పలచన చేయాలి. ఒక వంతు శాంపిల్‌కి తొమ్మిది వంతులు బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ కలిపాను. లీటరుకు 1.1 మిల్లీగ్రాములు వచ్చింది. ఇంకో డబ్బా తెరిచి కలిపితే 0.7. పదితో గుణిస్తే ఒకే సంప్ నీళ్ళకి 11, 7! అరవై ఇళ్ళ వాళ్ళు వాడే నీళ్ళు, నాకు టెన్షన్ పట్టుకుంది.

రెండో అంతస్తులో ఉండే రిటైర్డ్ కెమిస్ట్రీ మాస్టారిని అడిగాను. "నువ్వు కలిపే నీళ్ళే క్లోరిన్‌ని తినేస్తున్నాయి బాబూ" అన్నారు. డిస్టిల్డ్ వాటర్‌లో కూడా కాస్త అమ్మోనియానో, సేంద్రియ మలినమో ఉండొచ్చు. అది ముందుగానే క్లోరిన్‌ని ఖర్చు చేసేస్తే మాత్రకి తగ్గి కనిపిస్తుంది. అందుకని ఆ నీళ్ళ ఆకలి ముందే తీర్చాలి.

మాస్టారు చెప్పినట్టే చేశాను. 5 శాతం హైపో 1 మిల్లీలీటరుకి నీళ్ళు కలిపి 100 చేసి, అందులోంచి 10 మిల్లీలీటర్లు లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో వేస్తే లీటరుకు 5 మిల్లీగ్రాముల క్లోరిన్ అవుతుంది. గాజు సీసాలో, చీకటి అలమరలో రెండు రోజులు. అప్పటికి కనీసం 2 మిగలాలి. 0.7 చూపిన డబ్బా నీళ్ళు మిగల్చలేదు, పారబోశాను. 1.1 చూపిన డబ్బాతో మళ్ళీ రెండు రోజులు ఆగితే నిలిచింది. మిగిలిన క్లోరిన్ కూడా పోవాలని ఆ సీసాని మేడ మీద ఎండలో పెట్టాం. రుషికొండ వైపు నుంచి మబ్బు కమ్మింది. సాయంత్రం, అమ్మోనియాతో కలిసిపోయిన క్లోరిన్‌ని కూడా చూపే మూడో నంబరు మాత్ర కూడా వేసి మొత్తం క్లోరిన్ చూస్తే లేత గులాబీ ఛాయ ఇంకా ఉంది. మర్నాడు మధ్యాహ్నానికి గానీ పోలేదు. ఈలోగా పరీక్ష గొట్టాల్ని గంటసేపు పలచని హైపోలో నానబెట్టి, ఈ నీళ్ళతోనే కడిగాను. గాజుకి అంటిన మురికి కూడా క్లోరిన్‌ని తినేస్తుందట.

క్లోరిన్ నిలవ ఉండదు కాబట్టి సంప్ నుంచి అప్పటికప్పుడు శాంపిల్ పట్టి కలిపాను. 0.9. మళ్ళీ చేస్తే 0.9. అన్ని రోజులు మూసి ఉంచాక కూడా అసలు లెక్క 9 అన్నమాట. డబ్ల్యూహెచ్‌ఓ పెట్టిన హద్దు 5. సంప్ ఖాళీ చేసి నింపి, పూర్తిగా తిరిగిపోయి ఉన్న డోసింగ్ నాబ్ సరిచేశాం. మర్నాడు వంటింటి కుళాయి దగ్గర, పలచన చేయకుండానే, 0.4 వచ్చింది. మన దేశ తాగునీటి ప్రమాణం ప్రకారం కనీసం 0.2 ఉండాలి.

మిగిలిన నీళ్ళ సీసా మీద తేదీ రాసి అలమరలో పెట్టాను. "దీని మూత మాత్రం తియ్యకురా" అని కుర్రాడికి చెప్పాను.